మంచానికీ కుర్చీకీ మధ్య చెక్క

దొరబాబు కొబ్బరికాయలు వలిచే మనిషి. మామిడికుదురు చుట్టుపక్కల ఏ కొబ్బరి కొట్లో అడిగినా చెబుతారు, నేలలో పాతిన ఇనప ములుకు మీద కాయని గుచ్చి, రెండు తిప్పులు తిప్పి, పీచు ఊడదీసి అవతల పడేయడంలో ఆయన తరవాతే ఎవరైనా అని. అరవై దాటాయంటే నమ్మలేం, అలాంటి భుజాలు. ఆ భుజాలంటే ఆయనకి ఇంతా అంతా గర్వం కాదు. నోటితో ఎప్పుడూ అనడు గానీ, పని దిగాక చొక్కా తొడుక్కోకుండా భుజాన వేసుకుని ఊరంతా నడిచి ఇంటికి వస్తాడే, అందులోనే తెలిసిపోతుంది.

ఆయన భార్య వీరవేణి, స్వయానా మేనమామ కూతురు. అందుకే ఇప్పటికీ "బావా" అనే పిలుస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు దొరబాబు. బస్సులో పక్కపక్కన కూర్చోవాల్సి వస్తే మధ్యలో కూరల సంచీ పెట్టేవాడు. కూతురు ప్రశాంతి పెళ్ళయి రాజోలు వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. అయినా అంతే. ఆయన అరుగు మీద, ఆమె వంటింట్లో. మాటలకేం లోటు లేదు, రోజంతా పోట్లాడుకుంటూనే ఉండేవారు.

కిందటేడు వీరవేణికి వెన్నులో గడ్డ లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతో పాటు కాళ్ళలో సత్తువ కూడా పోయింది. నడుం పైన మనిషి మామూలే. చేతులు చక్కగా ఆడతాయి, నోరు ఇంకా చక్కగా ఆడుతుంది. నడుం కింద మాత్రం గిల్లినా తెలీదు. అప్పట్నుంచీ మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మళ్ళీ మంచం మీదికి ఆమెని ఎత్తి దించే పని దొరబాబుది. రెండు చంకల కిందా చేతులు దూర్చేవాడు, ఆమె చేతులు తన మెడకి చుట్టుకునేది, "ఊఁ" అని ఒక్క ఊపున లేపేవాడు. ఇరుగమ్మా పొరుగమ్మా చూసి, "అబ్బ, పూవుని ఎత్తినట్టు ఎత్తేత్తాడమ్మా" అని ముక్కున వేలేసుకునేవారు. దొరబాబు విననట్టు నటించేవాడు.

ఒక సోమవారం పొద్దున్న అలాగే ఎత్తాడు. మంచానికీ కుర్చీకీ మధ్యలో ఉండగా నడుములో ఏదో కళుక్కుమంది. అంతే, మనిషి బిగుసుకుపోయాడు. ముందుకీ వెళ్ళలేడు, వెనక్కీ వెళ్ళలేడు. చేతుల్లో భార్య.

"కదలకే!" అని అరిచాడు.

"నేనెక్కడ కదుల్తాను బావా, కదలగలిగితే నీకీ తిప్పలెందుకు?" అంది ఆమె.

ఆ కేకలకి పక్కింటి శ్యామ్ బాబూ వాళ్ళావిడా పరిగెత్తుకొచ్చి ఆమెని అందుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇద్దరూ నేల కరిచేవారే. డాక్టరు గారు దొరబాబు నడుం ఫొటో చూసి తల అడ్డంగా ఊపారు. ఇంకోసారి ఎత్తితే ఇంట్లో రెండు మంచాలు వెయ్యాల్సి వస్తుందన్నారు. ఎత్తకుండా మనిషిని జరిపే చెక్క ఒకటి ఉంటుందనీ, అమలాపురంలో ఫిజియోథెరపీ అమ్మాయి దుర్గాశ్రీ నేర్పుతుందనీ చెప్పారు. అందాకా శ్యామ్ బాబూ వాళ్ళావిడా వచ్చి వీరవేణిని ఎత్తి దించారు.

ఈ సంగతి తెలిసి ద్రాక్షారామం నుంచి వీరవేణి తమ్ముడు విజయకుమార్ ఫోన్ చేశాడు. "అక్కని నా దగ్గరికి పంపించెయ్యండి బావగారూ. మా ఆవిడా, కోడలూ ఉన్నారు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుంటారు. మీరు మటుకు ఎన్నాళ్ళని చేస్తారండీ?" అన్నాడు. దొరబాబు ఫోన్ పెట్టేసి, ఆ మాట భార్యకి చెప్పాడు.

వీరవేణే తేల్చేసింది. "ఆ చెక్కేదో నేర్చుకుందాం బావా. కుదిరిందా, ఇక్కడే ఉంటాను. కుదరలేదా, వచ్చే ఆదివారం తమ్ముడు కారు తెత్తాడు, ఎక్కేత్తాను. నీ నడుం విరగ్గొట్టి నేను సాధించేదేం లేదు."

ఆమె వెళ్ళిపోవడం దొరబాబుకి కలలో కూడా ఇష్టం లేదు. మరైతే చెక్క అనే మాట వినగానే గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు ఎందుకవుతోందో ఆయనకి బోధపడలేదు. నడుం నొప్పి పైకి పాకిందేమో అనుకుని అమృతాంజనం రాసుకున్నాడు.

అమలాపురంలో దుర్గాశ్రీ గడగడా మాట్లాడే పిల్ల. రెండు మూడు చెక్కలు ముందు పెట్టింది. "ఇది మరీ పొట్టిదండి, కుర్చీకి అందదు. ఇది మరీ పొడుగు, ఆంటీగారు ఒక్కరూ సర్దుకోలేరు. ఇదైతే ఆవిడ బరువుకి ఆగుద్దండి" అని ఒకటి తీసి ఇచ్చింది. నున్నగా పాలిష్ పెట్టి, రెండు కొసలూ పలచగా చెక్కి ఉంది. చపాతీ పీటని ఎవరో రెండు వైపులా పట్టుకుని సాగదీసినట్టు ఉంది దొరబాబు కంటికి. ఇంత మనిషిని ఇది మోస్తుందా అని వేలితో కొట్టి చూశాడు.

"ముందు బ్రేకులండి, రెండు పక్కలా. అవి వెయ్యకుండా చెక్క ముట్టుకోవద్దు. తరవాత కుర్చీ చెయ్యి తీసెయ్యాలి," అంటూ ఆ పిల్ల వంగి, కుర్చీ చేతి కింద ఏదో నొక్కి లాగింది. చెయ్యి ఊడి వచ్చేసింది.

దొరబాబు నోరు తెరిచాడు. "ఇది ఊడొత్తుందేటండీ!"

"ఊడొస్తుందండి. ఇన్నాళ్ళూ ఎలా దించుతున్నారు అంకుల్‌గారూ?"

ఎలా దించుతున్నాడంటే, ఏడాదిగా ఆ ఇనప చెయ్యి మీదుగా భార్యని అంత ఎత్తుకి లేపి దించుతున్నాడు. నడుం పోక ఏమవుతుంది మరి!

"చూడు బావా, ఇన్నాళ్ళూ నా చేత గోడ దూకించేవు," అంది వీరవేణి. దొరబాబు నాలుక్కరుచుకున్నాడు.

దుర్గాశ్రీ ఆగలేదు. మంచం ఎత్తూ కుర్చీ ఎత్తూ ఒకటే ఉండాలంది. చెక్క ఒక కొస తొడ కిందికి బాగా వెళ్ళాలి, రెండో కొస కుర్చీ సీటు మీద కుదురుగా ఆనాలి, వేళ్ళు చెక్క అంచు కిందికి పోనిస్తే నలిగిపోతాయంది. "తడి బట్టలతో వద్దండి, ఒట్టి చర్మం చెక్కకి తగలకూడదు. అతుక్కుని లేచిపోద్ది, ఆవిడకి తెలీదు కూడాను. అలాగని జారడానికి నూనె రాసేరు, అసలొద్దు. మన కోనసీమ వాళ్ళం కదండీ, దేనికైనా కొబ్బరినూనె రాసేస్తాం. అందుకని రెండోసారి కూడా చెబుతున్నాను. నూనె వద్దు."

"ఆయ్" అని తలూపాడు దొరబాబు. రెండోసారికి కూడా "ఆయ్" అన్నాడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. కుడి పక్కనున్న కుర్చీలోకి వెళ్ళాలంటే తల ఎడమ పక్కకీ, ముందుకీ వంచాలట. తల ఎటు వంగితే నడుం దానికి ఎదురు కదులుతుందట. "కుర్చీ ఇటుంటే అటు చూడ్డం ఏంటండీ బాబూ?" అని దొరబాబు తల గోక్కున్నాడు. ఆ పిల్ల ఆయన్నే బల్ల మీద కూర్చోబెట్టి చెయ్యమంది. ఎడమకి వంగమంటే కుడికి వంగాడు, చేతుల మీద లేవమంటే కాళ్ళ మీద లేచాడు. వీరవేణి పగలబడి నవ్వింది. ఆపరేషన్ తరవాత ఆమె అలా నవ్వడం ఆయన వినలేదు.

ఆమె మాత్రం ఇట్టే పట్టేసింది. కాస్త లేవడం, కాస్త జరగడం. లాక్కోవడం కాదు, చేతుల మీద బరువు తేల్చి జరగడం. రెండు సార్లు తడబడి, మూడోసారి కుర్చీలో ఉంది. తనంతట తాను. ఆ మొహం చూడాలి! ఎస్సెస్సీ పాసైన పిల్లలా వెలిగిపోయింది. దొరబాబు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో ఆయన్ని అడిగితే చెప్పలేడు.

"మరి నేనేం చెయ్యాలండి?" అని దుర్గాశ్రీని అడిగాడు.

"ఎదురుగా నిలబడి ఆంటీగారి నడుముకి కట్టిన ఈ పట్టీ మీద చెయ్యి ఉంచండి, ఒరిగితే ఆపడానికి. లాగొద్దు, ఎత్తొద్దు. ఏమీ చెయ్యకపోవడమే మీ పనండి అంకుల్‌గారూ," అని నవ్వింది. అందరూ నవ్వారు. దొరబాబు కూడా నవ్వాననే అనుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే ఒక్క అడుగూ పడలేదు. వాళ్ళది నవారు మంచం. దొరబాబు నాన్న నాటి టేకు మంచం, నవారు మాత్రం నడుం దగ్గర ఉయ్యాలలా దిగిపోయింది. ఆమె గుంటలో, మంచం పట్టె గట్టు మీద. చెక్క ఒక కొస పట్టె మీదికెక్కి పైకి లేచింది. ఎగువకి జారమంటే ఎవరు జారతారు? వీరవేణి చేతులు నొప్పెట్టి, చెమటలు పట్టి, మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి వాలిపోయింది.

"పోనీలేవే" అన్నాడు దొరబాబు. ఆ అనడంలో తన గొంతు ఎంత తేలిగ్గా ఉందో తనకే వినిపించి ఉలిక్కిపడ్డాడు. ఇదేంటి, ఇది కుదరకపోతే ఈమె వెళ్ళిపోతుంది కదా! నేను సంతోషపడుతున్నానా ఏంటి ఖర్మ! లెంపలు వేసుకుని బయటికెళ్ళిపోయాడు.

శ్యామ్ బాబు వచ్చి ఇంకో ముడి వేశాడు. అతను కువైట్‌లో ఒక ముసలాయన్ని కనిపెట్టుకుని ఉండే పని చేసి వచ్చినవాడు. "ఇలాంటిది కాదు బాబాయ్. అక్కడ అరటికాయలా వంకర తిరిగిన ప్లాస్టిక్ చెక్కుండేది. మా ముసలాయన సర్రుమని వెళ్ళిపోయేవాడు. మీకు తప్పు చెక్క ఇచ్చేరు" అన్నాడు.

దొరబాబుకి ప్రాణం లేచొచ్చింది. అదీ సంగతి, చెక్కదే తప్పు! దుర్గాశ్రీకి ఫోన్ చేశాడు. వంకర చెక్క కుర్చీ చెయ్యి తియ్యడం కుదరనప్పుడు పనికొస్తుందనీ, మీ కుర్చీకి తిన్నగా ఉన్నదే చాలనీ ఆ పిల్ల చెప్పింది. "మంచం మీద కూర్చుంటే ఆంటీగారు కిందికి దిగబడుతున్నారాండీ?" అని అడిగింది.

"అబ్బే, లేదండి" అనేశాడు దొరబాబు.

అని, ఫోన్ పెట్టేసి, అలా ఎందుకన్నానా అని అరుగు మీద కూర్చుండిపోయాడు. నాన్న మంచాన్ని చులకన చెయ్యడం ఇష్టం లేకా? అంతే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు. సరిపడలేదు. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఒకడు తిన్న చెక్కంటాడు, ఒకడు వంకరదంటాడు, ఒకామె చెక్కే వద్దు గుడ్డ చాలంటుంది. తిన్నదా, వంకరదా, తల అటా, ఇటా? మనిషి బుర్ర గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

శనివారం వచ్చింది. మర్నాడు తమ్ముడి కారు. వీరవేణి సంచీలో చీరలు సర్దించుకుంది. పైకి మామూలుగానే ఉంది, మాట మాత్రం తక్కువైంది. స్నానం అయ్యాక మంచం మీద కూర్చుని, "ఆఖరిసారి చూద్దాం బావా" అంది. నైటీ ఇంకా చెమ్మగానే ఉంది. రెండుసార్లు ప్రయత్నించింది. గుడ్డ చెక్కకి అతుక్కుపోయి కదల్లేదు.

"ఉండు, తుడిచి తెత్తాను" అని దొరబాబు చెక్క పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. వెళ్ళింది తుడవడానికే. గూట్లో కొబ్బరినూనె సీసా కనబడింది. తలుపు కిర్రుమన్నా నూనే, కీలు పట్టేసినా నూనే, పిల్లకి జలుబు చేసినా నూనే. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. చెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసేశాడు. ఇంట్లో ఎప్పుడూ ఉండే వాసనే కదా, వీరవేణికి అనుమానం రాలేదు. జుట్టు ముడేసుకుని, చెక్క సర్దుకుని, బ్రేకులు చూసుకుని, అతుక్కుంటుందన్న ఉద్దేశంతో ఈసారి గట్టిగా తోసుకుంది.

జర్రున జారింది. కుర్చీలోకి కాదు, ముందుకి. పట్టీ మీదున్న దొరబాబు చెయ్యి పట్టు తప్పింది. ఆయన తన ఒళ్ళు అడ్డం వేశాడు. ఇద్దరూ గచ్చు మీద పడ్డారు, కింద ఆయన, మీద ఆమె.

"వేణీ, తగిలిందేటే?"

"తగిలినా నాకేం తెలుత్తుంది! నీకో?"

"నడుం..." అని మూలిగి, "శ్యామ్..." అని కేక వెయ్యబోయాడు. ఆమె అరచెయ్యి వచ్చి ఆయన నోరు మూసేసింది. ఆ చెయ్యి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"నూనె రాసేవా?"

దొరబాబు జిడ్డు చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"రెండుసార్లు చెప్పింది ఆ అమ్మాయి. నా ఎదురుగానే ఆయ్ అన్నావు. మర్చిపోయేవా?"

ఆయన వెతుక్కున్నాడు. నిజంగా వెతుక్కున్నాడు. సీసా పట్టుకున్నప్పుడు ఆ పిల్ల మాట గుర్తుందా, లేదా? లేదనే అనిపిస్తోంది. ఉన్నట్టూ అనిపిస్తోంది.

"తెలీట్లేదే" అన్నాడు.

"తెలీకపోడం ఏటి?"

"మర్చిపోయేననే అనుకుంటన్నాను. కానీ మంచం దిగబడుతుందాని ఆ పిల్ల అడిగితే లేదని చెప్పేను చూడు, అది మర్చిపోయి చెప్పలేదు. అబద్ధవే చెప్పేను."

వీరవేణి చేతుల ఊతంతో ఆయన పక్కకి దొర్లింది. పైకప్పు వైపు చూస్తూ, "నన్ను పంపించెయ్యాలని ఉందని ఒక్కమాట చెబితే పోయేది కదా బావా. ఇంత నాటకం దేనికి? అంత బరువైపోయేనా?" అంది.

"ఓసి పిచ్చిదానా! నువ్వు ఎల్లిపోతే నేనేమైపోతానే?"

"మరెందుకు చేసేవు? చెప్పు. చెప్పేదాకా శ్యామ్ బాబుని పిలవనివ్వను. సాయంత్రం దాకా ఇలాగే పడుందాం."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. మాటలు వాటంతట అవే వచ్చాయి.

"చెక్క వచ్చేత్తే నిన్ను ఎత్తక్కర్లేదంట కదే."

"అవును. మంచిదే కదా?"

"నిన్ను ఎత్తకపోతే, ముట్టుకోడానికి నాకేం వంక ఉంటది?"

ఈ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ ఇన్నాళ్ళూ గుండెల్లో ఉన్నది ఇదీ అని దొరబాబుకి తెలీలేదు. తెలిసేసరికి ఏడుపొచ్చింది. అన్ని కాయలు వలిచిన మనిషి, గచ్చు మీద పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పెళ్ళాన్ని ముట్టుకోడానికి వంక కావాలా, నీ మొహం!" అంది వీరవేణి. ఆమె కళ్ళూ నిండిపోయాయి.

"నాకు చేతకాదే."

"నాకు మటుకు చేతనయ్యేడిసిందా? పొద్దున్న ఎప్పుడు లేపుతావా అని రోజూ నీకంటే ముందే లేచి పడుకుని ఉండేదాన్ని," అని, ఇంకేం అనకుండా తనే గొంతెత్తి "శ్యామ్ బాబూ!" అని కేక వేసింది.

శ్యామ్ బాబు, వాళ్ళావిడా వచ్చి లేవదీశారు. వీరవేణికి తగిలినా తెలీదు కాబట్టి పక్కింటావిడ ఆమె కాళ్ళూ తొడలూ అణువణువూ వెతికి చూసింది. మడమ దగ్గర కాస్త గీరుకుంది, అంతే. దొరబాబు నడుముకి అమృతాంజనం పట్టించుకుని, దుర్గాశ్రీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి చీవాట్లు తిన్నాడు. ఆ పిల్ల చెప్పినట్టే శ్యామ్ బాబు నవారు విప్పేసి, పట్టెల మీద మందపాటి ప్లైవుడ్ బిగించి, పైన పలచటి బొంత వేశాడు. చెక్కని సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టారు. వేలితో రాస్తే జిడ్డు తగలకుండా పోయేదాకా వీరవేణి మళ్ళీ మళ్ళీ కడిగిస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే విజయకుమార్ కారు వచ్చింది. "అన్నీ సర్దేరా అక్కా?" అంటూ లోపలికొచ్చాడు.

"కూర్చోరా" అంది వీరవేణి. పొడి నైటీ వేసుకుని ఉంది. కుర్చీ చెయ్యి తీసి పక్కన పెట్టి ఉంది. బ్రేకులు తనే తట్టి చూసుకుంది. చెక్క తొడ కింద పెట్టుకుని, తల కుర్చీకి ఎదురు పక్కకి వంచింది. దొరబాబు ఎదురుగా నిలబడి నడుం పట్టీ మీద చెయ్యి ఉంచాడు. లాగలేదు. లాగకుండా ఉండడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ఆమె కాస్త లేచింది, కాస్త జరిగింది. ఆగింది, ఊపిరి తీసుకుంది. మళ్ళీ లేచింది. విజయకుమార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి ఆమె కుర్చీలోకి కుదురుకుని, చెక్క లాగి మంచం మీద పడేసింది.

"కాఫీ తాగి వెళ్ళరా తమ్ముడూ. నేను రావట్లేదు," అంది.

విజయకుమార్ "అలాగేనక్కా, ఆయ్" అంటూ కళ్ళు తుడుచుకుని, డ్రైవరుకి చెప్పొస్తానని బయటికెళ్ళాడు.

దొరబాబు అక్కడే నిలబడి ఉన్నాడు. పని అయిపోయింది. ఇప్పుడు అరుగు మీదికి వెళ్ళాలో, కాఫీ పెట్టాలో, ఏం చెయ్యాలో తెలీలేదు.

"ఇలా రా బావా" అంది వీరవేణి.

"ఏం కావాలే?"

"ఏం అక్కర్లేదు. రా."

ఆయన వెళ్ళి వంగాడు. వేరే తీరు తెలీదు గనక రెండు చేతులూ ఆమె చంకల కిందికి పోనిచ్చాడు. ఆమె చేతులు ఆయన మెడకి చుట్టుకున్నాయి.

"ఎత్తకు" అంది.

దొరబాబు ఎత్తలేదు. గుమ్మంలో బావమరిది అడుగులు వినబడ్డా వదల్లేదు.